ఒంటిపూట బడులు, వెళ్లిపోయే పిట్టలు

మార్చి పదిహేనుకి ఒంటిపూట బడులు మొదలైతే నాకు పండగే. పన్నెండున్నరకి ఇంటికొచ్చి, పుస్తకాల సంచీ గూట్లో పడేసి, మజ్జిగన్నం తిని, తాత నిద్ర లేచేదాకా అరుగు మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చునేవాణ్ని. మూడు దాటాక ఆయన లేచి, ముఖం కడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని సైకిల్ తీశాడంటే అది నేలపట్టు చెరువుకే. సైకిల్ ముందు కడ్డీకి పాత గోనెసంచి మడిచి కట్టి ఉండేది. అది నా సీటు.

1990ల మధ్య మాట ఇది. మాది దొరవారిసత్రం దగ్గర చిన్న పల్లె. అప్పుడు నెల్లూరు జిల్లా, 2022లో జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఒక పక్క నేలపట్టు చెరువు, ఇంకో పక్క పులికాట్ సరస్సు. సరస్సు దాటితే శ్రీహరికోట, అది దాటితే సముద్రం. ఈ రెండు నీళ్ల మధ్య పెరిగిన పిల్లలకి పిట్టలంటే కొత్తేమీ ఉండదు. పొద్దున్నే తల పైనుంచి బారులు బారులుగా పోతుంటాయి, సాయంత్రం అదే దారిలో తిరిగొస్తుంటాయి. మేము తల ఎత్తి చూసేవాళ్లం కూడా కాదు. నన్ను చూసేలా చేసింది మా తాతే.

వసంతం వస్తే పిట్టలొస్తాయని పాఠాల్లో చదువుకున్నాం. మా దగ్గర వ్యవహారం తలకిందులు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలతో చెరువు నిండితే పిట్టలు దిగుతాయి. సంక్రాంతికి ఊరూ చెరువూ ఒకటే గోల. ఫాల్గుణం వచ్చిందంటే ఒక్కో జాతీ సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఉగాది పచ్చడి తినేటప్పటికి సగం ఖాళీ. మామిడి చెట్టు మీద కోకిల కూయడం మొదలుపెట్టిందంటే, చెరువు మీద ఇంకెవరో మూట కట్టుకుంటున్నారని మాకు అర్థం. అందుకే నాకు వసంతం అనగానే గుర్తొచ్చేది పిట్టల రాక కాదు, వాటి ప్రయాణం.

నేలపట్టు చెరువులో నీరుకడప చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి. మొదళ్లు మునిగినా వాటికేమీ కాదు. ఆ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పుస్తకాల్లో పెలికాన్ అంటారు. ఒక్కో చెట్టు మీద పది పదిహేను గూళ్లు, మధ్యలో నత్తగుల్ల కొంగలు, కింది కొమ్మల మీద నీటికాకులు, రాత్రి కొంగలు. కొమ్మలన్నీ రెట్టతో సున్నం వేసినట్టు తెల్లగా ఉండేవి. వాసన కూడా గట్టిగానే ఉండేది. తాత మాత్రం ఆ వాసన పీల్చి, "ఇది ఎరువబ్బయా, ఈ నీళ్లు పారితే మడికి వేరే ఏమీ అక్కర్లేదు" అనేవాడు. మా ఊళ్లో చాలామంది రైతులది అదే నమ్మకం. ఆ నమ్మకమే ఆ చెట్లనీ పిట్టల్నీ కాపాడిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. 1976లో సర్కారు దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించకముందు కూడా ఊరివాళ్లు వాటి మీద రాయి వేయనిచ్చేవాళ్లు కాదంట.

గూడబాతుల గురించి తాత లెక్క వేరు. ఊళ్లో అందరూ, పేపర్లవాళ్లతో సహా, అవి సైబీరియా నుంచి వస్తాయనేవారు. తాతకి సైబీరియా ఎక్కడుందో తెలియదు. "ఇవి పురిటికొచ్చిన ఆడబిడ్డలు, వీటికి పుట్టిల్లు ఇదే, అత్తగారిల్లే వేరే" అనేవాడు. పెద్దయ్యాక చదివితే తాత మాటే సరైంది. మన గూడబాతులు ఈ దేశపువే, ఈ ఉపఖండంలోనే నీళ్లున్న చోటుకల్లా తిరుగుతాయి, పిల్లల్ని కనడానికి నేలపట్టు లాంటి చోటుకి చేరతాయి. నిజంగా సైబీరియా దాకా పోయేవి వేరే ఉన్నాయి. వాటి సంగతికి తర్వాత వస్తాను.

మార్చిలో చెరువుకి వెళ్తే చూడాల్సింది పిల్ల గూడబాతులకి తిండి పెట్టడం. తల్లి పులికాట్ నుంచి వచ్చి గూటి అంచున దిగేది. దిగీ దిగకముందే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ మీద పడేది. తల్లి ముక్కు తెరిస్తే, పిల్ల తలే కాదు, మెడ మొత్తం ఆ సంచీలోకి దూరిపోయేది. బయట ఒళ్లు మాత్రం ఊగుతూ కనబడేది. తల్లి మెడ ఉబ్బేది, తగ్గేది. నాకు మొదట్లో భయమేసింది, పిల్లని మింగేస్తోందేమోనని. తాత నవ్వి, "కుండలో చెయ్యి పెట్టి అడుగున ఉండేది తీసుకునే రకం అది, నీ మాదిరే" అన్నాడు. ఇంట్లో పెరుగు కుండ దగ్గర నేను చేసే పని అదే కాబట్టి నేనేమీ మాట్లాడలేదు.

మార్చి చివరికి ఆ పిల్లలు తల్లులంత అయ్యేవి. కొమ్మ చివరికి నడిచి, రెక్కలు చాపి, గాలి పట్టుకుని, మళ్లీ మూసుకునేవి. ఒకరోజు ఒకటి ఎగిరింది. ఎగిరిందంటే, పడలేదు అంతే. నీళ్లకి జానెడు ఎత్తులో చెరువంతా దాటి అవతల గట్టు మీద కూలబడింది. దాన్ని చూసి ఇంకోటి. వారం రోజుల్లో పెద్దవాటితో పాటు పైకి లేచేవి. పొద్దున తొమ్మిది దాటి ఎండెక్కితే నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది కదా, గూడబాతులు ఆ గాలి మీదికి ఎక్కి, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పైకి పోయేవి. అంత బరువైన పిట్ట అంత తేలిగ్గా పోతుంటే చూడటం నాకు ఇప్పటికీ తనివి తీరదు. సాయంత్రాలు తిరిగొచ్చేవాటి లెక్క రోజురోజుకీ తగ్గేది. తాత తువ్వాలు తీసి భుజాన వేసుకుని చూస్తూ నిలబడేవాడు. సారె పెట్టి కూతుర్ని సాగనంపినప్పుడు బండి మలుపు తిరిగేదాకా నిలబడతారే, అట్లా.

అప్పటికి నీరుకడప పూతకొచ్చేది. ఎర్రటి పూలు, దండలు గుచ్చి వేలాడదీసినట్టు కిందికి జారి ఉంటాయి. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతాయి. పొద్దున్నే వెళ్తే గూళ్ల కింద నీళ్ల మీద ఎర్రటి తివాచీ. పిట్టలున్నన్నాళ్లూ రెట్టతో తెల్లబడిన చెట్లు, అవి పోయాక పూలతో ఎర్రబడేవి. ఆ పూల దండలు తెంపుకుని సైకిల్ హ్యాండిల్‌కి చుట్టుకునేవాళ్లం.

చెరువు నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఎండిన మట్టి మీద ఒకసారి తాత నా భుజం పట్టి ఆపేశాడు. "కాలు తీయబాక. కింద చూడు" అన్నాడు. చూశాను. మట్టి, గులకరాళ్లు, ఎండిన మేకపెంటికలు. ఏమీ లేదు. వంగి వేలు పెట్టి చూపిస్తే అప్పుడు కనబడ్డాయి నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి పెట్టుకుని, మట్టిరంగు మీద నల్ల మచ్చలతో. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త గుంట. తీతువు పిట్టవి. తల పైన తల్లీ తండ్రీ ఒకటే అరుపులు. మా అవ్వ రాత్రిళ్లు ఆ అరుపు వింటే కీడు అని గొణుక్కునేది. ఎండలో గుడ్ల మీద నిలబడి అరుస్తున్న ఆ పిట్టని చూశాక నాకా మాట మీద నమ్మకం పోయింది.

మేము వెనక్కి జరిగి తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. కాసేపటికి ఒక తీతువు నడుచుకుంటూ వచ్చింది. తిన్నగా రాలేదు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు, మధ్యలో ఏదో ఏరుకుంటున్నట్టు నటించి, చివరికి గుడ్ల మీద కూర్చుంది. దాని పొట్ట ఈకలు తడిసి ముద్దగా ఉన్నాయి. "నీళ్లలో పొట్ట ముంచుకుని వస్తా ఉండాది. గుడ్లు ఉడికిపోకుండా" అన్నాడు తాత. రెండోది వచ్చి దాన్ని లేపి తను కూర్చుంది. లేచింది నేరుగా నీళ్లకి పోయింది. గంటలో నాలుగుసార్లు మార్చుకున్నాయి. నేను లెక్కపెట్టాను. పొదగడమంటే వెచ్చగా ఉంచడమనే నాకు తెలుసు. మా ఎండల్లో చల్లగా ఉంచడం కూడా పొదగడమేనని ఆ తుమ్మచెట్టు కింద తెలిసింది.

ఏడాదికొకసారి, ఉగాది మరునాడు, పులికాట్‌కి పోయేవాళ్లం. దొరవారిసత్రంలో బస్సెక్కి సూళ్లూరుపేటలో దిగి, చెంగాళమ్మ గుడిలో దండం పెట్టుకుని, అద్దె సైకిల్ తీసుకునేవాళ్లం. గంటకింత అని. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు. కొంత దూరం పోయాక రెండు పక్కలా సరస్సే, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు. రాకెట్ ప్రయోగాల కోసం వేసిన రోడ్డు, పిట్టల్ని చూసేవాళ్లకి అంతకన్నా మంచి గ్యాలరీ లేదు.

మన దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పెద్దదే గాని లోతు లేదు, చాలా చోట్ల మొలలోతు కూడా ఉండదు. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్రంలోకి ఉన్న ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే కొత్త నీళ్లు రావు. ఉన్న నీళ్లు ఎండకి ఇగిరి సముద్రం కన్నా ఉప్పగా మారతాయి. ఉత్తరం వైపు ముందు ఎండుతుంది. వేటకి పోయే కుటుంబాలకి ఆ నెలలు గడ్డుకాలం, ఆ మాట మరిచిపోయి పిట్టల అందం గురించి మాత్రమే రాయడం నాకు చేతకాదు. పిట్టలకి మాత్రం కొన్నాళ్లు అదే విందు. నీళ్లు మడుగులుగా విడిపోతే చేపా రొయ్యా అక్కడే పోగుపడతాయి, సరస్సంతా చెదిరి ఉన్న పిట్టలు కూడా అక్కడికే చేరతాయి. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరుపుతున్నారు, శీతాకాలంలో. నన్నడిగితే పులికాట్ చూడాల్సింది ఫాల్గుణంలో.

తాత ఫ్లెమింగోల్ని సముద్రపు కొంగలు అనేవాడు. రోడ్డుకి దూరంగా మొదట గులాబీరంగు గీత ఒకటి కనబడేది. అటకానితిప్ప దగ్గర కొంచెం దగ్గరికి వచ్చేవి. వాటి నడుములోతు నీళ్లలో అవి వంగి తినే తీరు విచిత్రం. తల తలకిందులుగా పెట్టి, పైముక్కు కిందికీ కిందిముక్కు పైకీ వచ్చేలా నీళ్లలో ముంచుతాయి. కాళ్లతో అడుగు బురద తొక్కి కలుపుతూ, ఆ బురద నీళ్లని ముక్కులోకి లాగి జల్లెడ పట్టినట్టు వడగట్టి వదిలేస్తాయి. ఆ తిండిలోంచే ఈకలకి రంగు వస్తుంది. గుంపులో బూడిదరంగువి కొన్ని ఉండేవి, అవి ఏమిటని అడిగితే "చిన్నబిడ్డలు, ఇంకా రంగెక్కలేదు" అన్నాడు తాత. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. ఏటా చూడటమే.

ఎగిరేటప్పుడు అవి నీళ్ల మీద పరుగెత్తుతాయి. పది పన్నెండు అడుగులు చప్పుడు చేస్తూ పరుగెత్తి లేచి రెక్కలు విప్పితే, అప్పటిదాకా తెల్లగా ఉన్న పిట్ట ఒక్కసారి ఎరుపూ నలుపూ. ఆ రంగు చూడటానికి కారు ఆపి రాళ్లు విసిరినవాళ్లని కూడా ఒకసారి చూశాను. తాత సైకిల్ పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాడు. గొడవ పడతాడేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం, "అయ్యా, అవి కడుపు నింపుకుంటా ఉండాయి. శానా దూరం పోవాల" అన్నాడు, అంతే. వాళ్లు ఏమనుకున్నారో, కారెక్కి వెళ్లిపోయారు.

శానా దూరం అన్నమాట నిజానికి ఎక్కువ సరిపోయేది ఫ్లెమింగోల కన్నా వాటి కాళ్ల దగ్గర తిరిగే చిన్న పిట్టలకి. మేము అన్నిటినీ కలిపి ఉల్లంకులు అనేవాళ్లం. చలికాలమంతా బూడిదరంగులో, ఒకటి చూస్తే ఇంకోటి చూసినట్టే. మార్చి చివరికి వాటి రంగు తిరిగేది. మొదట మెడ దగ్గర తుప్పు మరకలా మొదలై, తర్వాత రొమ్మంతా, ఏప్రిల్‌కి కొన్ని ఇటుక రంగులోకి వచ్చేసేవి. వంపుముక్కు చిన్న పిట్ట ఒకటి ఉంది, కర్ల్యూ శాండ్‌పైపర్ అని తర్వాత పేరు తెలిసింది. పిచ్చుక కన్నా కొంచెం పెద్దది. అది గుడ్లు పెట్టేది సైబీరియాకి ఉత్తరం కొసన, మంచు కరిగిన బీళ్ల మీద. ఆ రంగు అక్కడి పెళ్లికి ఇక్కడ కట్టుకున్న చీర. రోజు పొడుగవుతున్న కొద్దీ ఒంట్లో ఆ మార్పు వస్తుంది, ఆకలి పెరుగుతుంది, దారికి సరిపడా కొవ్వు పోగేసుకుంటాయి. ఆ బురదలో అవి తినే వేగం చూస్తే కుట్టుమిషను సూది గుర్తొస్తుంది. రేవుపిట్టలకి కూడా అప్పుడే పొట్ట నల్లబడేది.

డిగ్రీలో ఉన్నప్పుడు జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ లెక్కపెట్టడం నేర్పారు. పది పిట్టలు ఎంత జాగా పడతాయో కంటితో పట్టుకోవాలి, ఆ ముక్క పక్కన ఇంకో ముక్క వేసుకుంటూ వంద, ఆ వందతో వెయ్యి. ఇంటికొచ్చి గొప్పగా చెబితే తాత, "మందని లెక్కపెట్టేదానికి గొర్రెలోళ్లు చేసేదీ అదే కదరా" అన్నాడు. నిజమే.

ఇంట్లో తిథుల క్యాలెండర్ ఒకటి వంటింటి తలుపు పక్కన మేకుకి వేలాడుతుండేది. పాల లెక్క, బర్రె చూలు కట్టిన తేదీ, అప్పులు అన్నీ అందులోనే. ఐదో తరగతిలో ఉన్నప్పుడు నేను ఆ గళ్లలోనే పెన్సిల్‌తో పిట్టలు రాయడం మొదలుపెట్టాను. "గూడబాతులు 40", "నత్తకొంగలు లేవు", "తీతువు పిల్లలు 3". నాలుగో గుడ్డు ఏమైందో తెలియలేదు. అవ్వ తిట్టేది, పాల లెక్క కనబడటం లేదని. తాత ఏమీ అనేవాడు కాదు.

చదువుకి చెన్నై, తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్. ఉగాదికి రావడం కుదిరేది కాదు. ఫోన్ చేస్తే తాత ఆరోగ్యం గురించి ఒక మాట, వానల గురించి రెండు మాటలు, ఆ తర్వాత "ఈ తూరి తొందరగా పోయినాయి" అనో, "ఇంకా ఉండాయిరా, నీళ్లుండాయి" అనో చెప్పేవాడు. ఏవి అని నేను అడిగేవాణ్ని కాదు.

ఆయన పోయి ఆరేళ్లయింది. పోయిన ఏప్రిల్‌లో ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది ట్రంకుపెట్టె దించాం. అడుగున పాత క్యాలెండర్లు. చాలావాటిని అవ్వ పిల్లల పుస్తకాలకి అట్టలు వేయడానికి చింపేసింది, మూడేళ్లవి మాత్రం మిగిలాయి. మూడూ నేను ఊరు వదిలాక వచ్చినవే. పాల లెక్క పక్కన తాత చేతిరాత, వంకర అక్షరాలు. "బాతులు 12". "బాతులు 5". "కొంగలు పోయినాయి". ఒక ఏప్రిల్ గడిలో, "అన్నీ పోయినాయి. సముద్రం కొంగ ఒకటి ఉండాది".

చేతులకి సున్నం అలాగే ఉంది. చొక్కా మార్చుకుని బండి తీసి సూళ్లూరుపేట మీదుగా అటకానితిప్పకి పోయాను. సరస్సు ఉత్తరం వైపు అప్పటికే నెర్రెలిచ్చి ఉప్పు పట్టి తెల్లగా మెరుస్తోంది. దక్షిణం వైపు మడుగులో నీళ్లు మిగిలి ఉన్నాయి. ఉల్లంకులు ఒకటీ అరా. ఈడు రాని పిట్టలు కొన్ని ఆ ఏడాది ప్రయాణం మానుకుని ఇక్కడే ఎండాకాలం గడిపేస్తాయి, వాటికి అక్కడ పనేమీ ఉండదు కాబట్టి.

మడుగు చివర బూడిదరంగు ఫ్లెమింగో పిల్ల ఒకటి ఉంది. తల నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుకుంటూ, చిన్నగా గుండ్రంగా తిరుగుతోంది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. ఇంటికొచ్చి, వంటింటి తలుపు పక్కన ఆ ఏడాది క్యాలెండర్ తీసి, ఆ రోజు గడిలో పెన్సిల్‌తో రాశాను. "ఒకటి ఉంది".